గిటార్ నెక్‌కు నూనె పాలిష్: ఏ నూనె వాడాలి, ఎలా పట్టించాలి

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: కాకినాడలో ఉంటున్నారు, మేపుల్ చెక్కతో చేసిన నెక్ (తీగలు సాగే పొడవాటి మెడ భాగం) ఉన్న ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తున్నారు, నెక్ వెనుక ఉన్న మెరుపు పాలిష్‌కు వేసవిలో చెమట చెయ్యి అంటుకుపోయి పైకీ కిందికీ జరగడం లేదు, దాన్ని తీసేసి నూనె పట్టించవచ్చా, అందుకు ఇంట్లో ఉన్న కొబ్బరి నూనె సరిపోతుందా? నేను విశాఖపట్నంలో ఉంటాను. ఇదే సముద్రపు గాలిలో నా గిటార్లకూ, స్నేహితులు తెచ్చిన గిటార్లకూ నూనె పాలిష్ చేసి ఏళ్లుగా వాయిస్తూ ఉన్నాను కాబట్టి ఆ అనుభవంతోనే చెబుతున్నాను. పట్టించవచ్చు, కానీ కొబ్బరి నూనె మాత్రం వద్దు.

చెక్కకు పాలిష్‌గా పనికొచ్చేది ఆరి గట్టిపడే నూనె మాత్రమే. అవిసె నూనె, టంగ్ నూనె (టంగ్ చెట్టు గింజల నుంచి తీసేది) గాలిలోని ఆక్సిజన్‌ను తీసుకుని, వాటి అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి, కొన్ని రోజులకు గట్టి పొరగా మారతాయి. అంటే ఇక్కడ ఆరడం నీరు ఆవిరి కావడం వంటిది కాదు, నూనె స్వభావమే మారిపోవడం. కొబ్బరి నూనెలో సుమారు తొంభై శాతం సంతృప్త కొవ్వులే కాబట్టి ఆ మార్పు జరగనే జరగదు. వేరుశనగ నూనె కూడా పనికిరాదు. కొబ్బరి నూనె రాసిన మేపుల్ నెక్ ఒకటి నా దగ్గరకు వచ్చింది. ఫ్రెట్ల (నెక్ మీద అడ్డంగా బిగించిన లోహపు కడ్డీల) అంచుల దగ్గర దుమ్ము, చెమట కలిసి నల్లటి జిడ్డు పేరుకుని ఉంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే కనరు వాసన వచ్చింది. అలా లోపలికి ఇంకిన నూనెను పూర్తిగా బయటికి తీయడం చాలా కష్టం, పైగా దాని మీద ఏ మంచి పాలిష్ వేసినా సరిగా పట్టదు.

నూనె ఎంపిక సంగతికి వస్తే, రంగుల దుకాణాల్లో దొరికే డబుల్ బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్ (కాచిన అవిసె నూనె) చవక, దానితో పని జరుగుతుంది, అయితే మేపుల్‌ను కొంత పసుపు రంగులోకి తిప్పుతుంది. ఆరోగ్యం కోసం తాగే పచ్చి అవిసె నూనె కొనకండి. అది ఆరడానికి వారాలు పట్టవచ్చు. స్వచ్ఛమైన టంగ్ నూనె రంగు తక్కువ మారుస్తుంది, నీటిని బాగా తట్టుకుంటుంది, కాకపోతే ఆరడానికి ఓపిక కావాలి. తుపాకీ మడమల కోసం తయారు చేసే ట్రూ ఆయిల్‌ను గిటార్ వాయించేవారు చాలామంది ఇష్టపడతారు. అది త్వరగా ఆరుతుంది, పొరలు వేసుకుంటూ పోతే కాస్త మెరుపు కూడా వస్తుంది. చెమట ఎక్కువగా పట్టే చేతికి నా ఓటు టంగ్ నూనెకే.

అయితే అసలు నూనె అవసరమా అన్నది ముందు తేల్చుకోండి. మీ ఇబ్బంది కేవలం చెయ్యి అంటుకోవడమే అయితే, పాత పాలిష్‌ను తీయకుండా, నెక్ వెనుక భాగాన్ని 1500 లేదా 2000 నంబరు ఎమరీ పేపర్‌తో నెక్ పొడవునా తేలికగా రుద్ది మెరుపు పోగొడితే చాలు. పని గంటలోపే అయిపోతుంది, చెక్కకు రక్షణ కూడా చెక్కుచెదరదు. నేను ఎవరికైనా ముందు ఇదే చేసి చూడమంటాను. చెక్క స్పర్శే చేతికి తగలాలని మీరు కోరుకుంటే మాత్రం కింది పని మొదలుపెట్టండి. ఒకసారి పాలిష్ తీస్తే చాలా కంపెనీల వారంటీ వర్తించదని కూడా మనసులో ఉంచుకోండి.

తీగలు తీసి, నెక్‌ను శరీరానికి బిగించిన స్క్రూలు విప్పి, నెక్‌ను విడిగా పెట్టుకోండి. ట్యూనింగ్ మరలు కూడా తీసేయండి. హెడ్‌స్టాక్ (ట్యూనింగ్ మరలు ఉండే నెక్ కొస) ముఖం మీద ఉన్న గుర్తును, ఫ్రెట్‌బోర్డ్ (ఫ్రెట్లు ఉండే నెక్ ముందు వైపు పలక) పక్క అంచులను, నట్‌ను (హెడ్‌స్టాక్ దగ్గర తీగలు ఆనే గాళ్ళ పట్టీని) మాస్కింగ్ టేప్‌తో కప్పేయండి. కొత్త గిటార్లకు వేసే పాలియురెథేన్, పాలియెస్టర్ పొరల గుండా నూనె లోపలికి వెళ్ళదు, కాబట్టి ఆ పొరను చెక్క కనిపించేదాకా రుద్ది తీయాలి. పెయింట్ రిమూవర్ ద్రావకాలు వాడకండి. అవి ప్లాస్టిక్ చుక్కలనూ గుర్తులనూ తినేస్తాయి. 220 నంబరుతో మొదలుపెట్టి, తరువాత 320, ఆ తరువాత 400కి వెళ్ళండి. ఎప్పుడూ నెక్ పొడవునా, చెక్క ఈనె ఉన్న దిక్కునే రుద్దాలి. ముక్కుకు మాస్క్ పెట్టుకోవడం మరిచిపోవద్దు.

ఈ దశలో కంటితో చూసి పాలిష్ అంతా పోయిందని అనుకోవడం సులభం, కానీ అక్కడక్కడ పలుచటి పొర మిగిలిపోతుంది. తడి గుడ్డతో నెక్‌ను ఒకసారి తుడిచి వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడండి. నీటిని పీల్చుకున్న చెక్క ముదురు రంగుకు మారుతుంది. పొర మిగిలిన చోట మచ్చ లేత రంగులో, కాస్త తళుకుతో అలాగే ఉంటుంది. ఆ మచ్చల దగ్గర నూనె ఎన్నటికీ పట్టదు, ముగింపులో అవే బయటపడతాయి. ఇదే తడి మరో పని కూడా చేస్తుంది: ఆరిన తరువాత చెక్క మీద సన్నని నూగు లేచి నిలుస్తుంది, వేళ్ళు ఆనిస్తే గరగర తెలుస్తుంది. 400 నంబరుతో రెండు మూడు సార్లు తేలికగా నిమిరి ఆ నూగును తీసేస్తే, తరువాత చెమట తగిలినా అది మళ్ళీ లేవదు. చాలామంది వదిలేసే మెట్టు ఇది. నా దృష్టిలో నునుపు సగం ఇక్కడే వస్తుంది.

ఇక నూనె. టంగ్ నూనె అయితే మొదటి పూతకు సమానంగా టర్పెంటైన్ కలిపి పలుచన చేయండి, లోతుగా ఇంకుతుంది. నూలు బనియను గుడ్డ ముక్క మీద కొద్ది చుక్కలు వేసి నెక్ అంతటా రుద్దండి, పది పదిహేను నిమిషాలు ఆగండి, తరువాత మరో పొడి గుడ్డతో పూర్తిగా తుడిచేయండి. పూర్తిగా అన్నది గట్టిగానే చెబుతున్నాను: గుడ్డ ఎక్కడా ఆగకుండా జారేదాకా, చెక్క పైన తడి మెరుపు లేకుండా పోయేదాకా తుడవాలి. చెక్క లోపలికి వెళ్ళిన నూనె మీకు మేలు చేస్తుంది, పైన మిగిలిన నూనె జిగటగా మారి వేలిముద్రలు పట్టుకుంటుంది. నూనె పాలిష్ అంటుకుంటోందని ఫిర్యాదు చేసేవారిలో ఎక్కువ మంది విషయంలో నాకు కనిపించిన కారణం ఇదే, నూనె రకం కాదు. మీ నెక్ మహాగనీ వంటి రంధ్రాలున్న చెక్క అయితే, తుడిచిన గంటకు నూనె చిన్న చిన్న చుక్కలుగా మళ్ళీ పైకి ఉబుకుతుంది, అప్పుడు ఇంకోసారి తుడవాలి. మేపుల్‌కు ఆ బెడద లేదు.

పూతకూ పూతకూ మధ్య పొడి వాతావరణంలో ఒక రోజు, మన తీరంలో రెండు రోజులు వదిలేయండి. గాలి ఆడే చోట నెక్‌ను వేలాడదీయాలి, పెట్టెలో పెట్టి మూయకూడదు. వానాకాలంలోనూ, తుపాన్ల నెలల్లోనూ ఈ పని పెట్టుకోవద్దు. సంక్రాంతి తరువాత మార్చి దాకా గాలి కొంత పొడిగా ఉండే రోజులు అనువైనవి. మేపుల్‌కు నాలుగు పూతలు సరిపోతాయి. నెక్ మొదలు దగ్గర స్క్రూలు దిగే భాగాన్ని కూడా కనీసం ఒక పూత వేసి తుడవండి, పచ్చిగా వదిలేస్తే తేమ అటు నుంచి పీలుస్తుంది. తీగలు వేసే ముందు రెండు మూడు వారాలు ఆగండి. ఆరిందో లేదో తేల్చడానికి వాసన చూడండి: నూనె వాసన ఇంకా వస్తుంటే లోపల పని పూర్తి కాలేదని అర్థం.

ఒక హెచ్చరికను దయచేసి తేలికగా తీసుకోకండి. ఆరే నూనె గాలితో కలిసేటప్పుడు వేడి పుడుతుంది. నూనె గుడ్డలను ఉండ చుట్టి చెత్తబుట్టలో పడేస్తే ఆ వేడి బయటికి పోలేక, నిప్పు తగలకుండానే గుడ్డ దానంతటదే అంటుకోవచ్చు. ఇళ్ళూ కార్ఖానాలూ ఇలా కాలిపోయిన సందర్భాలు నిజంగా ఉన్నాయి. వాడిన ప్రతి గుడ్డనూ నీళ్ళలో ముంచి పెట్టండి, లేదా ఆరుబయట తీగ మీద మడత లేకుండా పరిచి, గట్టిపడిన తరువాతే పారేయండి.

ఫ్రెట్‌బోర్డ్ మేపుల్‌దే అయితే దాని పాలిష్ జోలికి వెళ్ళకండి. రోజ్‌వుడ్ లేదా ఎబొనీ అయితే వాటికి ఈ ఆరే నూనెలు పనికిరావు, ఫ్రెట్ల పక్కన గట్టిపడి పెచ్చు కడతాయి. ఫ్రెట్‌బోర్డ్ కోసం అమ్మే మినరల్ ఆయిల్ రెండు మూడు చుక్కలు ఏడాదికి ఒకటి రెండు సార్లు చాలు.

నూనె పట్టిన నెక్ తేమను లక్కర్ పొర అంత గట్టిగా ఆపదు, కాబట్టి వానాకాలం మొదట్లోనూ, ముగిశాకా నెక్ వంపు చూసుకుని అవసరమైతే ట్రస్ రాడ్‌ను (నెక్ లోపల ఉండి వంపును సరిచేసే లోహపు కడ్డీని) కొద్దిగా తిప్పండి. వాయించిన తరువాత పొడి గుడ్డతో తుడవడం అలవాటు చేసుకోండి. ఏడాది తరువాత బొటనవేలు ఆనే చోట బూడిద రంగు కనిపిస్తే, 600 నంబరుతో తేలికగా రుద్ది ఒక్క పలుచని పూత వేయండి. పాలియురెథేన్ పొరను ఇలా ఇంట్లో అక్కడికక్కడ సరిచేసుకోవడం కుదరదు. నేను నూనె వైపు మొగ్గడానికి ప్రధాన కారణం ఇదే.