పగ సినిమా పిల్లాడికి చూపించవచ్చా?

ప్రశ్న: మాది క్రైస్తవ కుటుంబం. తండ్రిని చంపినవాళ్లపై వీరుడు పగ తీర్చుకునే భారీ యుద్ధాల సినిమాకు మా 11 ఏళ్ల బాబు వెళ్తానంటున్నాడు. రేటింగ్ పీజీ-13 (13 ఏళ్లలోపు పిల్లలకు కొన్ని దృశ్యాలు తగకపోవచ్చని చెప్పే అమెరికా రేటింగ్). పంపవచ్చా?

జవాబు: పీజీ-13 నిషేధం కాదు, తల్లిదండ్రులకు హెచ్చరిక. దాని పక్కనే చిన్న అక్షరాల్లో కారణం ఉంటుంది, చదవండి. చిక్కేమిటంటే, కత్తి దిగే క్షణంలో కెమెరా పక్కకు తిప్పి నెత్తురు దాచేస్తే చావులు ఎన్నున్నా ఈ రేటింగ్ రావచ్చు. కాబట్టి ముందు మీరొక్కరే చూడండి, ముఖ్యంగా చివరి అరగంట. వీరుడి పగను కథ మెచ్చుకుంటోందా, అతను పోగొట్టుకున్నదీ చూపిస్తోందా? బైబిల్లో రోమా 12:19 పగ తీర్చుకోవద్దంటుంది. హింస కనిపించడమే తప్పనలేం. బైబిల్లోనే న్యాయాధిపతులు 4లో యాయేలు అనే స్త్రీ శత్రు సేనాధిపతి సీసెరా కణతల్లో మేకు దిగగొట్టింది మరి! బాబుకైతే థియేటర్ వద్దు. ఇంట్లోనైతే ఆపి మాట్లాడుకోవచ్చు.