మోకాళ్ల నొప్పులున్న అమ్మతో మెకాంగ్ డెల్టా ఒక్కరోజు ట్రిప్

వియత్నాంలోని హో చి మిన్ సిటీ నుంచి ఒక్కరోజులో అమ్మగారికి మెకాంగ్ డెల్టా చూపించగలమా, ఆవిడకి మోకాళ్ల నొప్పులు, పైగా శాకాహారం, నది మీద పడవల్లోనే సరుకులమ్మే తేలే సంత కూడా చూడాలి అన్నారు కదండీ. వెళ్లొచ్చు, కానీ సంత మీద ఆశ వదులుకోండి. కాయ్ రాంగ్ సంత ఉండేది కాన్ థోలో, దాదాపు 170 కిలోమీటర్లు. సందడంతా తెల్లవారుజామునే. ముందు రాత్రి అక్కడ ఉంటే తప్ప కుదరదు.

దాని బదులు డెల్టాలోనే ఉన్న మి థో, బెన్ చే ఊళ్ల ట్రిప్ తీసుకోండి. మి థో 70 కిలోమీటర్లే. పెద్ద మోటారు బోటుతో ఇబ్బంది లేదు. అసలు చిక్కల్లా ఇరుకు కాలువలోకి తీసుకెళ్లే తెడ్డు పడవతోనే. రేవు మీంచి కిందికి దిగాలి, కాలు పెట్టగానే పడవ ఒరుగుతుంది, లోపల దాదాపు నేల మీద కూర్చున్నట్టే. మా అత్తయ్య దిగేటప్పుడు గైడ్ ఒక చెయ్యి, నేనొక చెయ్యి పట్టుకున్నాం. తీరా కూర్చున్నాక ఆవిడే "అచ్చం కోనసీమ కాలవే" అంటూ లేవనంది! బుకింగ్ అప్పుడే మోకాళ్ల సంగతి చెప్పండి, కష్టమనిపిస్తే ఆ ముక్క మానేయొచ్చు.

భోజనానికి వట్టి "వెజ్" అంటే సరిపోదు, కూరగాయల్లోనూ చేపల సాస్ పోస్తారు. "ఆన్ చాయ్" అనండి, అంటే శాకాహారం. చేపల సాస్, గుడ్డు వద్దని విడిగా చెప్పండి. కొబ్బరి మిఠాయి మాత్రం వేడివేడిగా అక్కడే తినాలి.