ఎముకలు విరిగే జబ్బుకి గుండె టెస్టు ఎందుకు? – నా అనుభవం

మీ తమ్ముడికి చిన్నప్పటి నుంచి ఓఐ (ఆస్టియోజెనిసిస్ ఇంపర్ఫెక్టా, ఎముకలు తేలిగ్గా విరిగే జన్యు జబ్బు), ఇప్పుడు 26 ఏళ్లు, సూర్యారావుపేటలో ఫిజీషియన్ గారు స్టెత్ పెట్టి చూసి గుండె చప్పుడులో తేడా ఉంది టూడీ ఎకో (గుండె స్కానింగ్) తీపిచ్చండి అన్నారు, ఎముకల జబ్బుకి గుండెకి ఏం సంబంధం, ఊరికే టెస్టులు రాస్తున్నారా అని అడిగారు. సంబంధం ఉందండి, ఎకో తీపిచ్చండి. నాక్కూడా ఓఐనే, అందులో టైప్ 4 అనే రకం, మాది గుంటూరు బ్రాడీపేట, వయసు నలభై దాటింది. నేను డాక్టర్ని కాదు, పేషెంటుగా తెలిసింది చెప్తున్నా.

ఈ జబ్బంటే అందరూ కాల్షియం తక్కువ అనుకుంటారు, మా వీధిలో ఇప్పటికీ రాగిజావ తాగమనేవాళ్ళు ఉన్నారు, పుత్తూరు కట్టు కట్టిచ్చుకోమనేవాళ్ళు సరేసరి. అసలు గొడవ కాల్షియంతో కాదు, టైప్ 1 కొల్లాజెన్ అనే ప్రోటీన్‌తో. స్లాబులో సిమెంటు ఎంత పోసినా లోపల ఊచలు నాసిరకంవి అయితే ఏమవుద్ది, అదే మన ఎముకల సంగతి. ఆ కొల్లాజెన్ ఎముకల్లోనే ఉండదు కదా, చర్మంలో, కంటి తెల్లగుడ్డులో (మనలో చాలామందికి అక్కడ నీలంగా కనపడేది అందుకే), గుండె వాల్వుల్లో (రక్తం వెనక్కి రాకుండా ఆపే తలుపులు), గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం అయోర్టా గోడలో కూడా ఉంటది. అది బలహీనంగా ఉంటే వాల్వు సాగి లీకవడం, అయోర్టా మొదలు దగ్గర వెడల్పవడం జరగొచ్చు. లీకు ఎక్కువగా మైట్రల్, అయోర్టిక్ వాల్వుల్లో వస్తది. డెన్మార్క్‌లో 687 మంది ఓఐ వాళ్ళ రికార్డులు మామూలు జనంతో పోల్చి చూశారు, ఆ స్టడీ 2016లో వచ్చింది, వాల్వు లీకులు, హార్ట్ ఫెయిల్యూర్, గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ మనవాళ్ళలోనే ఎక్కువ తేలాయి. అట్లాగని కంగారు పడొద్దు, చాలామందికి లీకు కొద్దిగానే ఉంటది, కొద్దిపాటి లీకు ఏ జబ్బూ లేనివాళ్ళ ఎకోలో కూడా కనపడుద్ది.

ఇప్పుడు అసలు విషయం, దీనికోసమే ఇంత రాస్తున్నా. ఎకో రిపోర్టులో అయోర్టిక్ రూట్ అని ఒక నంబరు ఉంటది, అంటే అయోర్టా మొదలు దగ్గర వెడల్పు. నాకు 34 ఎంఎం వచ్చింది, కింద నార్మల్ అని ప్రింటు కొట్టి ఇచ్చారు, నిజమే, నిండుగా పెరిగిన మగాడికి అది మామూలు సైజే. కానీ నా ఎత్తు నాలుగడుగుల మూడంగుళాలు, బరువు 38 కిలోలు. తర్వాత చూసిన కార్డియాలజిస్టు ఆ నంబరు పట్టుకుని నా ఎత్తు, బరువుతో శరీర వైశాల్యం కట్టారు, 1.17 చదరపు మీటర్లు వచ్చింది, అంటే చదరపు మీటరుకి 29 ఎంఎం, ఉండాల్సింది సుమారు 21 లోపు. అంటే నా ఒంటికి అది వెడల్పే. చిన్న ఒళ్ళకి ఈ లెక్క మరీ ఎక్కువ చూపిస్తదంట, అందుకని ఎత్తుతో కూడా విడిగా సరిచూశారు, అయినా పెద్దదే అని తేలింది. మెషిన్‌కి మన ఎత్తు తెలీదు, టైపు చేసే కుర్రాడికి ఓఐ అంటే ఏంటో తెలీదు, కాబట్టి మీ తమ్ముడి ఎత్తు, బరువు కాయితం మీద రాసి ఇచ్చి, జబ్బు పేరు చెప్పి, శరీర సైజుకి ఇండెక్స్ చేసి రాయమని అడగండి. వెన్ను వంకర ఉంటే ఎత్తు తక్కువ పడుద్ది, అట్లాంటప్పుడు ఎత్తుకి బదులు చేతులు చాపి ఒక వేలి కొన నుంచి ఇంకో వేలి కొన వరకు కొలిచినా, చేతులు కూడా వంగినాయేమో అని డాక్టర్నే చూసి చెప్పమనండి.

నాకు బీపీ టాబ్లెట్లు ఇచ్చి కంట్రోల్లో పెట్టమన్నారు, ఏడాదికోసారి ఎకో, బరువులు ఎత్తొద్దు అన్నారు, అంతే, పని చేసుకుంటూ తిరుగుతున్నా. బీపీ చూసేటప్పుడు ఒక జాగ్రత్త, మనలో సన్న చేతులకి పెద్దవాళ్ళ పట్టా కడితే ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తది, పైగా తీవ్రంగా ఉన్నవాళ్ళకి ఆటోమేటిక్ మెషిన్ బిగించడం వల్ల చెయ్యి విరిగే ప్రమాదం కూడా ఉంది. పిల్లల సైజు పట్టా కట్టి చేత్తో నెమ్మదిగా గాలి కొట్టమనండి.

ఆయాసం ఉందా మీ తమ్ముడికి? ఉంటే అది గుండెదే అని అనుకోవద్దు, ఛాతీ కుదించుకుపోయి వెన్ను వంగినవాళ్ళలో ఊపిరితిత్తులకి చోటు చాలక కూడా వస్తది, ఏళ్ళ తరబడి అట్లా ఉంటే గుండె కుడివైపు మీద భారం పడుద్ది. ఎకోలో ఊపిరితిత్తుల రక్తనాళాల ప్రెషర్ కూడా చూడమని చెప్పండి, ఊపిరి ఊదే టెస్టు విడిగా రాయించుకోండి.

మందుల షాపు సంగతి. విరేచనాలకి, యూరిన్ ఇన్ఫెక్షన్‌కి సిప్రోఫ్లాక్సాసిన్, ఓఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ అడగ్గానే ఇచ్చేస్తారు కదా, ఆ రకం మందుల మీద అమెరికాలో మందుల్ని చూసే సర్కారు సంస్థ ఎఫ్‌డీఏ 2018 డిసెంబరులో హెచ్చరిక ఇచ్చింది, అయోర్టా ఉబ్బినవాళ్ళు, మార్ఫాన్ లాంటి జన్యు జబ్బులున్నవాళ్ళు వేరే దారి లేకపోతే తప్ప వాడొద్దని. అందులో ఓఐ పేరు రాయలేదు గానీ నా అయోర్టా వెడల్పు కాబట్టి నేను వాటి జోలికి పోను, మీరూ డాక్టర్ని అడగండి. నొప్పులకి రోజూ డైక్లోఫెనాక్ మింగే అలవాటుంటే అది కూడా చెప్పండి, బీపీ పెంచుద్ది.

ఒక్కటి మాత్రం ఇంట్లో అందరికీ చెప్పి పెట్టండి. ఉన్నట్టుండి ఛాతీలోగానీ భుజాల మధ్య వీపులోగానీ చీల్చినట్టు నొప్పి వస్తే, మనవాళ్ళు వెన్నునొప్పికి అలవాటు పడిపోయి మళ్ళీ పూస పగిలిందేమో అని పడుకుంటారు, అట్లా పడుకోనివ్వొద్దు, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళి ఓఐ ఉంది, అయోర్టా చూడండి అని అడగండి. అయోర్టా చీలడం అరుదే, కానీ వస్తే గంటల్లో తేలిపోయే వ్యవహారం.

ఆపరేషన్ దాకా వస్తదా అని భయపడుతున్నట్టున్నారు. వాల్వు మార్పిడి ఓఐ వాళ్ళకి కూడా చేస్తారు, కండ మెత్తగా ఉండి కుట్టు నిలవదు, రక్తం ఎక్కువ పోద్ది కాబట్టి ముందే తెలిసిన టీమ్ కావాలి. మెటల్ వాల్వు పెడితే జీవితాంతం రక్తం పల్చబడే మందు వాడాలి, ఊరికే కమిలిపోయే, పడి విరగ్గొట్టుకునే మనలాంటోళ్ళకి అది ఆలోచించాల్సిన విషయం. అదంతా ఇప్పుడే ఎందుకులెండి, ముందు ఎకో కానివ్వండి. రిపోర్టు వచ్చాక అయోర్టిక్ రూట్ ఎంత, ఎత్తు బరువు ఎంత, లీకు ఏ వాల్వుకి ఏ గ్రేడు అని రాశారో ఇక్కడ పెట్టండి, కార్డియాలజిస్టుని ఏం అడగాలో నాకు తెలిసినంత చెప్తా.