రక్తంలో రాగి ఎక్కువగా ఉందట, డ్రిప్ పెట్టించాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అక్కకు 46 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయింది, కీమో నడుస్తోంది. ఎవరో చెబితే ఒకచోట లోహాల పరీక్ష చేయించాం. రక్తంలో రాగి ఎక్కువ, జింక్, సెలీనియం తక్కువ అని వచ్చింది. ఒక మాత్ర మింగించి ఆ తర్వాత పట్టిన మూత్రంలో సీసం, కాడ్మియం ఎర్ర గీత దాటాయన్నారు. జబ్బు వీటివల్లే వచ్చిందట, లోహాలను కడిగేసే డ్రిప్‌లు పెట్టించుకోవాలట, ఈలోగా జింక్, సెలీనియం మాత్రలు వాడాలట. ఇంట్లో రాగి పాత్రలు కూడా తీసేశాం. ఒకటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
(పేరు రాయవద్దని కోరిన పాఠకురాలు)

జవాబు: డ్రిప్ వద్దమ్మా. ముందు ఆ మాట చెప్పేశాను, ఇక రిపోర్టు చూద్దాం.

క్యాన్సర్ రోగుల రక్త నమూనాలు చూడటమే నా పని. మీ అక్కగారి రక్తంలో కనిపించినట్టే రాగి పెరగడం, జింక్, సెలీనియం తగ్గడం రొమ్ము క్యాన్సర్ రోగులపై జరిగిన చాలా అధ్యయనాల్లో ఉంది. కానీ వాటిలో ఎక్కువ భాగం జబ్బు బయటపడ్డాక తీసిన రక్తంతో చేసినవి. అందుకని లోహం వల్ల జబ్బు వచ్చిందా, జబ్బు వల్ల లోహం లెక్క మారిందా అన్నది ఆ అంకెలు చెప్పలేవు. రాగి విషయంలో రెండోదానికే బలమైన కారణం ఉంది. రక్తంలోని రాగిలో 90 శాతం దాకా సెరులోప్లాస్మిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుని తిరుగుతుంది. ఒంట్లో ఎక్కడ వాపు, ఇన్ఫెక్షన్, గడ్డ ఉన్నా కాలేయం ఆ ప్రొటీన్‌ను ఎక్కువగా తయారు చేస్తుంది, దాంతోపాటే రాగి అంకె పెరుగుతుంది. గర్భిణుల్లోనూ, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లలోనూ ఇలాగే పెరుగుతుంది. వాళ్లకేమీ రాగి విషం ఎక్కలేదు కదా! అదే వాపులో కాలేయం జింక్‌ను లోపలికి లాగేసుకుంటుంది, కాబట్టి రక్తంలో తగ్గినట్టు కనిపిస్తుంది. చిత్రమేమిటంటే, రక్తంలో జింక్ తక్కువున్న రోగి రొమ్ము గడ్డను పరీక్షిస్తే అందులో జింక్ పక్క కణజాలం కంటే ఎక్కువగా ఉండటం కూడా చూశారు.

మూత్రం పరీక్ష సంగతి చదివితే మాత్రం నాకు ఒళ్లు మండింది. ఆ మాత్ర లోహాలను పట్టి మూత్రంలోకి తోసే మందు. అది మింగితే మీకైనా, నాకైనా సీసం పెరిగే వస్తుంది. ఆ అంకెను మందు వేసుకోని మనుషుల కోసం గీసిన గీతతో పోల్చి భయపెడుతున్నారు. ఇలాంటి పరీక్షకు ఆధారం లేదని అమెరికాలోని విషవైద్య నిపుణుల సంఘం ఎప్పుడో స్పష్టంగా చెప్పింది.

కాడ్మియం మంచిదని నేననను. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1993లోనే దాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో పెట్టింది, ముఖ్యంగా ఊపిరితిత్తుల క్యాన్సర్ ఆధారంగా. 2003లో ఎలుకలపై చేసిన ప్రయోగంలో అది ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్‌లా ప్రవర్తించింది. రొమ్ము క్యాన్సర్‌తో దాని సంబంధంపై పెద్ద అధ్యయనాలు మాత్రం ఒకే మాట చెప్పడం లేదు. కిడ్నీలో చేరిన కాడ్మియం సగానికి తగ్గడానికి 10 నుంచి 30 ఏళ్లు పడుతుంది, డ్రిప్‌లతో కడిగితే పోయేది కాదు. ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతుంటే మానిపించండి, పొగాకులో అది దండిగా ఉంటుంది.

డ్రిప్‌లో వాడే మందు సీసంతో ఆగదు, జింక్‌ను కూడా పట్టుకుపోతుంది. ఒక రకమైతే కాల్షియాన్ని ఒక్కసారిగా పడగొట్టి ప్రాణాలు తీసిన సంఘటనలు 2003–05లో అమెరికాలో నమోదయ్యాయి. పైగా కిడ్నీలపై భారం. కీమోలో కార్బోప్లాటిన్ లాంటి మందు ఉంటే అదీ కిడ్నీల గుండానే పోవాలి. అన్నట్టు, ఆ మందులో ఉన్నది ప్లాటినం, అదీ భారలోహమే!

రాగిని తగ్గించి క్యాన్సర్ తిరగబెట్టకుండా చూడొచ్చా అన్న పరిశోధన నిజంగానే ఉంది. టెట్రాథయోమోలిబ్డేట్ అనే మందును రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టే ప్రమాదం ఎక్కువున్న 75 మందికి ఇచ్చి చూసి, 2017లో ఫలితాలు ప్రకటించారు. అది రక్తపరీక్షలతో కనిపెట్టుకుంటూ చేసిన ప్రయోగం, ఇంకా మామూలు చికిత్స కాలేదు.

మాత్రల విషయానికొస్తే, సెలీనియం ప్రోస్టేట్ క్యాన్సర్‌ను ఆపుతుందేమోనని 35 వేల మందికి పైగా మగవాళ్లపై 2001లో మొదలుపెట్టిన పరీక్షను ఉపయోగం కనిపించక 2008లో ఆపేశారు. జింక్ రోజుకు 40 మిల్లీగ్రాములు దాటి చాలాకాలం వాడితే శరీరానికి రాగి సరిగా అందకపోవచ్చు, రక్తహీనత కూడా రావచ్చు. కీమోలో ఉన్న మనిషికి అసలే రక్తం తగ్గుతూ ఉంటుంది.

రాగి పాత్రలు మళ్లీ తీసుకోండి, పులుపున్నవి మాత్రం వాటిలో నిల్వ పెట్టకండి. జింక్, సెలీనియం మాత్రలు ఆపండి. తర్వాతి కీమోకు వెళ్లినప్పుడు ఆ రిపోర్టునూ, అక్కడ మింగించిన మాత్ర పేరునూ క్యాన్సర్ డాక్టరుగారికి చూపించి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, కాల్షియం ఒకసారి చూడమని అడగండి.