అమెరికాలో ఇన్‌స్పెక్టర్ జనరల్‌కు ఫిర్యాదు చేస్తే ఏమైనా జరుగుతుందా?

జరుగుతుంది, కానీ చాలామంది ఆశించేలా కాదు. ఇక్కడ ఇన్‌స్పెక్టర్ జనరల్ అంటే పోలీసు అధికారి కాదు, ప్రభుత్వ శాఖలోని అక్రమాల మీద స్వతంత్రంగా విచారణ చేసే అధికారి. ఇన్‌స్పెక్టర్ జనరల్ ఎవరినీ ఉద్యోగంలోంచి తీసెయ్యలేరు, శాఖ నిర్ణయాన్ని రద్దు చెయ్యలేరు. 1978 నాటి ఇన్‌స్పెక్టర్ జనరల్ చట్టం ప్రకారం ఆయన బలమంతా శాఖ కాగితాలు తెప్పించుకోవడంలో, తేలిన సంగతి కాంగ్రెస్‌కు, అంటే అమెరికా చట్టసభకు చేర్చడంలో ఉంది. ఘోరమైన లోపం కనిపించి ఆయన శాఖాధిపతికి రాస్తే, ఆ అధిపతి తన వ్యాఖ్యలు జోడించుకోవచ్చు గానీ 7 రోజుల్లో దాన్ని కాంగ్రెస్‌కు పంపి తీరాలి.

ఈ గడువులకు ఎంత విలువుందో 2019లో చూశాం. గూఢచార విభాగాలకు ఇలాంటి గడువులతోనే వేరే చట్టం ఉంది. ఆగస్టు 12న ఒక ఉద్యోగి ఫిర్యాదు చేస్తే, ఇన్‌స్పెక్టర్ జనరల్ మైకేల్ అట్కిన్సన్ అది నమ్మదగ్గదేనని 14 రోజుల్లో తేల్చి 26న గూఢచార విభాగాల తాత్కాలిక అధిపతికి పంపారు. ఆ అధిపతి 7 రోజుల్లో కాంగ్రెస్‌కు పంపలేదు. దాంతో సెప్టెంబరు 9న అలాంటి ఫిర్యాదు ఒకటుందని కాంగ్రెస్ గూఢచార కమిటీలకు అట్కిన్సనే తెలియజేశారు. అందులో ఏముందో మాత్రం చెప్పలేదు. ట్రంప్ అభిశంసన దాకా వెళ్లిన వ్యవహారం అలా బయటపడింది. మరుసటి ఏప్రిల్లో అట్కిన్సన్‌ను తొలగిస్తున్నట్టు ట్రంప్ కాంగ్రెస్‌కు తెలిపారు. చట్టం ప్రకారం కాంగ్రెస్‌కు ముందే ఇవ్వాల్సిన 30 రోజుల నోటీసు ఇచ్చినట్టే ఇచ్చి, వెంటనే సెలవు మీద పంపేశారు. నిబంధనకు అంతకన్నా అవమానం లేదు.

ఇక సైన్యంలో ఉన్నవాళ్లు మొదట చూసుకోవాల్సింది ఎవరికి రాస్తున్నామన్నది. యూనిట్‌లోని ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆ కమాండర్ కిందే పనిచేస్తారు. ఫిర్యాదు కమాండర్ మీదే అయితే రక్షణ శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ హాట్‌లైన్‌కు వెళ్లండి. కోర్ట్ మార్షల్ లాంటి, వేరే అప్పీలు దారి ఉన్న విషయాలను సాధారణంగా తీసుకోరు.

"మా ఆఫీసర్ అన్యాయం చేస్తున్నాడు" అని రాస్తే ఫైలు మూతపడుతుంది. తేదీ, చోటు, కాంట్రాక్టు నంబరు, ఉల్లంఘించిన నిబంధన, సాక్షులు, ఏ పత్రం ఎవరి దగ్గరుందో రాయండి. ముందు తప్పు బయటపెట్టినందుకు మీ మీద కక్ష సాధించారన్న ఫిర్యాదైతే నాలుగు తేలాలి: మీరు ముందు ఎవరికి ఏం చెప్పారు, తర్వాత మీ మీద ఏ చర్య తీసుకున్నారు, ఆ చర్య తీసుకున్నవాళ్లకు మీరు చెప్పిన సంగతి తెలుసా, చెప్పకపోయినా ఆ చర్య జరిగేదేనా. మూడోది చూపించడానికి ఈమెయిళ్లు దాచుకోండి. సైనికులకు గడువు, చర్య గురించి తెలిసిన రోజు నుంచి ఏడాది.

పేరు లేకుండా రాస్తే మళ్లీ మిమ్మల్ని ఏదీ అడగలేరు. పేరిచ్చి గోప్యంగా ఉంచమని కోరడమే మేలు. రహస్య సమాచారం మాత్రం మామూలు వెబ్ ఫారంలో ఒక్క ముక్క కూడా పెట్టకండి. అది మీ మీదే కేసవుతుంది.