చిట్టీ, గోల్ఫ్ ఐరన్ సెట్ కొనేముందు

విశాఖపట్నం,
ఆదివారం

చిరంజీవి చిట్టికి,
మావయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి రెండు సంగతులు చెప్పింది. ఒకటి, నువ్వు బోనస్ డబ్బుతో కొత్త గోల్ఫ్ ఐరన్లు (లోహపు తల ఉన్న క్లబ్బులు) కొంటున్నావని. రెండోది, ప్రాక్టీసుకి వెళ్ళొచ్చిన రోజు నీ మోచేయి లాగుతోందని. అక్క మొదటిదాన్ని పెద్ద వార్తలా, రెండోదాన్ని పక్క మాటలా చెప్పింది. నాకు మాత్రం ఆ రెండోదానితో నిద్ర పట్టలేదు. అందుకే ఫోన్లో నాలుగు ముక్కలు చెప్పి ఊరుకోకుండా కూర్చుని రాస్తున్నాను.

ముందు నా సంతోషం చెప్పనీ. మీ నాన్న ఏడో ఐరన్ నిలబెడితే నీ నడుము దాటి ఉండే వయసులో అది నీ చేతికిచ్చి పట్టు నేర్పింది నేను. ఆ పిల్ల ఇవాళ ఫ్రిస్కోలో, అమెరికా పీజీఏ (గోల్ఫ్ ప్రొఫెషనల్స్ సంఘం) వాళ్ళ ప్రధాన కార్యాలయం ఉన్న ఊళ్ళో, సొంత సంపాదనతో తన కొలతలకి సెట్ చేయించుకుంటోంది. ఈ మాట పొద్దున క్లబ్బులో అందరికీ చెప్పాను. బ్యాగులు మోసే మన క్యాడీలకి కూడా చెప్పాను.

ఇక అసలు విషయం. షాపులో బంతిని కొలిచే యంత్రం స్క్రీన్ ఫోటో అక్క పంపితే చూశాను. నాన్న ఏడో ఐరన్‌తో నీకు వచ్చేది 110 గజాలు. షాపులో కొత్త ఏడో ఐరన్‌తో 131. నీ సంబరం నాకు తెలుసు. కానీ నేను ఆ ఫోటోలో వెతికినవి వేరే: బంతి ఏ కోణంలో లేచింది, ఏ కోణంలో దిగింది, మిగతా తొమ్మిది బంతులు ఎక్కడ పడ్డాయి. అవేవీ లేవు. ఒకే బంతి, ఒకే అంకె.

నాన్న సెట్ కాలంలో ఏడో ఐరన్ లాఫ్ట్, అంటే బంతికి తగిలే ఫేస్ వెనక్కి వాలే కోణం, 34, 35 డిగ్రీలు ఉండేది. ఇప్పుడు మనలాంటి వాళ్ళకని అమ్మే సెట్లలో 28, 29 మామూలు. అంతకంటే తక్కువవీ ఉన్నాయి. అంటే అడుగున 7 అని ఉన్నా, లాఫ్ట్ లెక్కన అది పాత సెట్లో ఇంకా దూరం కొట్టే ఐదో ఐరన్‌కి దగ్గర. అలాగని కొత్తవి మోసం అని నేను అనను. బరువు బాగా కిందికి దించారు, ఫేస్ పల్చన చేశారు, అందుకే లాఫ్ట్ తగ్గినా బంతి లేస్తుంది. కాకపోతే అందరికీ ఒకేలా లేవదు. నీ స్వింగ్ వేగానికి లేస్తుందా లేదా అన్నదే ప్రశ్న. దానికి జవాబు గజాల అంకెలో ఉండదు, దిగే కోణంలో ఉంటుంది. మన కొలతకి క్లబ్ కుదిర్చే ఫిట్టర్లు ఏడో ఐరన్‌కి సుమారు 45 డిగ్రీలు కోరుకుంటారు. నెమ్మది స్వింగ్‌కి అంత రాకపోవచ్చు. 40కి దిగువన ఉంటే మాత్రం ఆ క్లబ్ వద్దని చెప్పెయ్. బంతి గ్రీన్ (గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద పడుతుంది, ఆగదు.

ఇది నేను చదివి చెప్పడం లేదు. నీకు ఇంతవరకూ చెప్పని సంగతి ఒకటుంది.

2003లో ఆఫీసు పని మీద దుబాయ్ వెళ్ళాను. సాయంత్రం ఖాళీ దొరికితే ఒక గోల్ఫ్ ప్రాక్టీస్ రేంజ్‌కి వెళ్ళాను. అక్కడ షాపులో వరసగా పెట్టిన ఐరన్లలోంచి ఒక ఏడో నంబరు తీసి మ్యాట్ మీద కొట్టాను. నాలుగో దెబ్బో ఐదో దెబ్బో బంతి తక్కువ ఎత్తులో దూసుకుపోయి, ఎండిన నేల మీద దొర్లి దొర్లి 170 బోర్డు దగ్గర ఆగింది. విశాఖలో నా ఏడో ఐరన్ 145. అంతకుముందు కొట్టినవి ఎక్కడ పడ్డాయో నేను చూడనే లేదు. ఆ ఒక్క బంతిని చూసి సెట్ మొత్తం కొనేశాను. స్టీల్ షాఫ్ట్ (క్లబ్ కడ్డీ), పైగా స్టిఫ్, అంటే తక్కువ వంగేది. ఆ షాఫ్ట్ నాకు ఎక్కువవుతుందేమోనని ఒక్క క్షణం అనిపించింది, అడగలేదు. అడిగితే చిన్నతనం అనుకున్నాను.

ఇంటికొచ్చాక మొదటి ఆదివారం మీ నాన్న ఆ సెట్ చూసి, ఒకటి తీసి నేలకి ఆనించి, "లాఫ్ట్ బాగా తక్కువగా ఉందిరా, నీకు బంతి లేస్తుందా?" అన్నాడు. బావ ఎప్పుడూ అంతే, చూడగానే కనిపెట్టేస్తాడు. నాకు కోపమొచ్చింది. దూరం చూసి కుళ్ళుకుంటున్నాడనుకున్నాను. మీ నాన్న గురించి అలా అనుకున్నానంటే ఇప్పటికీ మనసు ముడుచుకుపోతుంది.

లేవలేదు. గ్రీన్ మీద పడ్డ ప్రతి బంతీ వెనక పొదల్లోకి పోయేది. ఒకసారి 165 వెళ్ళేది, అదే స్వింగ్‌తో మళ్ళీ కొడితే 148. గ్రీన్ లోతు పాతిక ముప్పై గజాలుంటే, అందులో పదిహేడు గజాలు నా ఐరనే తినేసేది. తప్పు నాదేననుకుని బంతిని ఇంకా గట్టిగా, ఇంకా కిందికి కొట్టడం మొదలెట్టాను. మే నెల. మన ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ కోర్స్‌లో నేల రాయిలా ఉంది. బరువైన స్టీల్ షాఫ్ట్, గట్టి నేల, మొండి మనిషి. ఆగస్టుకల్లా కుడి మోచేయి లోపలి వైపు నొప్పి మొదలైంది. మొదట్లో లాగినట్టు ఉండేది, అచ్చం నీకు ఇప్పుడున్నట్టు. నూనె రాసుకుని ఆడాను. దీపావళికి కాఫీ గ్లాసు ఎత్తలేకపోయాను. డాక్టరు గోల్ఫర్స్ ఎల్బో అని, క్లబ్ ముట్టుకోవద్దని చెప్పాడు.

రెండేళ్ళు ఆడలేదు చిట్టీ. ఆ రెండేళ్ళూ ప్రతి ఆదివారం ఐదున్నరకి మీ నాన్న స్కూటర్ మా గేటు ముందు ఆపి, రెండుసార్లు హారన్ కొట్టేవాడు. నేను రానని తెలిసి కూడా కొట్టేవాడు. బయటికొచ్చి చెయ్యి ఊపితే, ఒక్కడే వెళ్ళేవాడు. చెయ్యి బాగయ్యాక ఇద్దరం కలిసి ఆడింది నాలుగు ఆదివారాలు. ఆ తర్వాత సంగతి నీకు తెలుసు.

దూరం కోసం నేను ఇచ్చుకున్న ధర అది. నీకు ఎంత చెప్పినా తక్కువే అనిపించేది అందుకే.

కాబట్టి మోచేయి సంగతి ముందు. ఈ వారమే డాక్టరుకి చూపించు. వాళ్ళు సరే అనేదాకా షాపుకి వెళ్ళొద్దు. ఆఫర్ పోతే పోనీ. అక్కతో కూడా ఈ మాట చెప్పాను, రోజూ అడుగుతుంది.

నీకు గ్రాఫైట్ షాఫ్టే కావాలి. నాన్న సెట్లో ఉన్నలాంటి పాత స్టీల్ షాఫ్ట్ 120 గ్రాముల దాకా ఉంటుంది. గ్రాఫైట్ 60, 70 గ్రాముల్లో దొరుకుతుంది, దెబ్బ అదురు చేతికి తక్కువ వస్తుంది. ఇంకో మాట. ఆడపిల్లవి కాబట్టి వాళ్ళు అడగకుండానే లేడీస్ షాఫ్ట్ తెచ్చి పెడతారు. వద్దని కాదు, కొలవకుండా తీసుకోవద్దు. నువ్వు పదేళ్ళు బ్యాడ్మింటన్ ఆడిన పిల్లవి, నీ స్వింగ్ వేగం వాళ్ళ అంచనా కంటే ఎక్కువే ఉంటుంది. అసలు లేడీస్, రెగ్యులర్, స్టిఫ్ అనే అక్షరాలకి అన్ని కంపెనీలకీ కలిపి ఒక కొలమానం లేదు. ఒకరి రెగ్యులర్ ఇంకొకరి సీనియర్‌లా ఉంటుంది. అక్షరం చూడకు, బంతి చూడు.

ప్రతి క్లబ్‌తోనూ పది బంతులు కొట్టు. అలసిపోయాక కాదు, ఒళ్ళు వేడెక్కాక. ఫిట్టర్ "ఇది లెక్కలోకి రాదులెండి" అని చెత్త దెబ్బల్ని తీసేస్తుంటాడు. తియ్యనివ్వకు. కోర్సులో ఎవరూ తియ్యరు. గాల్లో వెళ్ళిన దూరమే రాసుకో, దొర్లింది వద్దు. అన్నిటికంటే దగ్గర పడ్డదానికీ, అన్నిటికంటే దూరం పడ్డదానికీ తేడా చూడు. రెండు సెట్ల మధ్య తేల్చుకోలేకపోతే, పది గజాలు తక్కువ వెళ్ళినా ఆ తేడా చిన్నగా ఉన్నదాన్నే తీసుకో. ఫేస్ మీద పౌడర్ స్ప్రే కొట్టమను, బంతి ఎక్కడ తగిలిందో మచ్చ పడుతుంది. బొటనవేలి ముద్ర వైశాల్యంలో మచ్చలన్నీ ఉంటే సగం పని అయినట్టే.

మ్యాట్ మీద నేల ముందు తగిలినా క్లబ్ జారి బంతికి తగులుతుంది, తప్పు బయటపడదు. వీలైతే గడ్డి మీద కొట్టనిచ్చే చోటికే వెళ్ళు. లై యాంగిల్ (నేలకి ఆనించినప్పుడు షాఫ్ట్ వాలే కోణం) కూడా అక్కడే చూపించుకో.

టెక్సస్‌లో గాలి ఎక్కువ, కిందుగా వెళ్తేనే మంచిది అంటావేమో. మీ నాన్నతో నేనూ అదే వాదించాను, ఇక్కడి సముద్రపు గాలిని సాకు చెప్పి. గాలి ఉన్న రోజు ఏడోదానికి బదులు ఆరో ఐరన్ తీసుకుని నెమ్మదిగా కొడితే బంతి కిందుగానే వెళ్తుంది. కిందుగా తప్ప వెళ్ళని క్లబ్‌ని మాత్రం గాలి లేని రోజు పైకి లేపలేవు.

వెడ్జ్‌ల (దగ్గరి దెబ్బలకి వాడే, లాఫ్ట్ ఎక్కువున్న క్లబ్బుల) లెక్క మరిచిపోకు. ఏడో ఐరన్ 28 అయితే ఆ సెట్లో పిచింగ్ వెడ్జ్ 43 దగ్గర ఉంటుంది. నీ దగ్గరున్నది నాన్న 56 డిగ్రీల వెడ్జ్. మధ్యలో ఏమీ లేదు. 49 దగ్గర ఒకటి కొనాలి, ఆ డబ్బు ముందే పక్కన పెట్టుకో. నాలుగో ఐరన్, ఐదో ఐరన్ అసలొద్దు, వాటి బదులు బంతిని తేలిగ్గా లేపే హైబ్రిడ్లు తీసుకో. బ్యాగులో క్లబ్బులు మొత్తం పద్నాలుగు దాటకూడదని నీకు తెలుసు.

నాన్న సెట్ మార్చేస్తున్నందుకు నువ్వు బాధపడుతున్నావని అక్క చెప్పింది. పడొద్దమ్మా. మీ నాన్న పింగ్ ఐ2 కొన్నప్పుడు ఇంటికొచ్చి నాకు గంటసేపు క్లాసు పీకాడు. కార్స్టెన్ సోల్‌హైమ్ అనే ఇంజనీరు బరువుని అంచులకి ఎలా నెట్టాడో, దెబ్బ పక్కకి తగిలినా క్లబ్ ఎందుకు తిరిగిపోదో చెప్పాడు. అది 1982లో వచ్చిన డిజైన్. అంతకంటే మంచిది వస్తే ముందు వెళ్ళి చూసేవాడు తనే.

ఫిట్టింగ్‌కి వెళ్ళేటప్పుడు ఆ ఏడో ఐరన్ మాత్రం వెంట తీసుకెళ్ళు. డాక్టరు సరే అన్న తర్వాతే. ఏ కొత్త క్లబ్ ముట్టుకోకముందు దానితో నెమ్మదిగా పది కొట్టు. ఆ పదీ రాసుకుని, కొత్తవాటివి పక్కన రాసి, కొనేముందు ఫోటో తీసి నాకు పంపు. ఇక్కడ ఎంత రాత్రైనా పర్వాలేదు, మేలుకునే ఉంటాను.

మీ మావయ్య