పనిముట్టు – పదును: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మూడు ఉలులు, ఒక తోపడా (చెక్కను చిత్రిక పట్టే పనిముట్టు) కొన్నాను. రెండు ముఖాల కార్బొరండం సానరాయి ఒక్కటి చాలంటున్నారు మా మేస్త్రి గారు. ఆన్‌లైన్‌లో చూస్తే 1000, 3000, 8000 నంబర్ల వాటర్ స్టోన్లు (నీళ్లతో నూరే రాళ్లు), డైమండ్ ప్లేట్లు కనిపిస్తున్నాయి. ఏవి కొనమంటారు?
– ఒక పాఠకుడు, రావులపాలెం

జవాబు: మేస్త్రి గారన్నది కొట్టిపారేయాల్సిన మాట కాదు. ఎనిమిది అంగుళాల పొడవు, రెండంగుళాల వెడల్పుండే ఆ రాయి గరుకు ముఖం సుమారు 120, నునుపు ముఖం 240 నుంచి 280 దాకా ఉంటుంది (నంబరు పెరిగేకొద్దీ రాయి నునుపు). గుమ్మాలకు కన్నాలు తొలిచే ఉలికి ఆ పదును సరిపోతుంది. టేకు పలక మీద తోపడాకి ఉల్లిపొర లాంటి పొట్టు రావాలంటే మాత్రం చాలదు.

ఆ రాయి కొనండి, అంచు విరిగినప్పుడు పనికొస్తుంది. దానికి తోడు 1000 నంబరు రాయి ఒకటి, చివర్లో అంచు మెరుగుపెట్టడానికి పాత బెల్టు తోలు అంటించిన చెక్క ఒకటి, తోలుకి రాసే ఆకుపచ్చ పాలిషింగ్ సబ్బు ఒక కడ్డీ. ఇంతే. 8000 రాయి ఇప్పుడే వద్దు. టేకులో సిలికా ఉంటుంది, ఎంత నునుపుగా నూరిన అంచునైనా త్వరగా మొద్దుబారుస్తుంది. రోజుకి నాలుగైదుసార్లు వెళ్లాల్సింది 1000 దగ్గరికే.

1000 లో వాటర్ స్టోనా, డైమండ్ ప్లేటా? వాటర్ స్టోను వేగంగా కోస్తుంది, అంతే వేగంగా అరిగి గుంట పడుతుంది. డైమండ్ ప్లేటు ఖరీదెక్కువైనా చదును పోదు. గట్టిగా నొక్కితే మాత్రం వజ్రపు రేణువులు ఊడిపోతాయి. కొత్తలో గీతలు ముదురుగా పడితే కంగారు పడకండి, కొన్నాళ్లకు సర్దుకుంటుంది. ఒక జాగ్రత్త: నూనె రాయి (నూనెతో నూరే కార్బొరండం లాంటిది) మీది నంబరూ జపాను వాటర్ స్టోను మీది నంబరూ ఒకే కొలత కాదు, పక్కపక్కన పెట్టి పోల్చకండి.

ప్రశ్న: రాయి మధ్యలో గుంట పడింది. తోపడా బ్లేడు ఎంత నూరినా రెండు మూలలూ తెగడం లేదు. గోదారి ఇసక చల్లి గచ్చు మీద రుద్దమంటున్నారు. పనిచేస్తుందా?
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: తప్పు బ్లేడుది కాదు, ఆ గుంటదే. గుంటలో నూరిన బ్లేడు వీపు (వాలు లేని చదును వైపు) చదునుగా ఆనదు, అంచు విల్లులా వంగుతుంది. ఇసక రేణువు కార్బొరండం కన్నా మెత్తన. మీ రాయి చాలా నెమ్మదిగా అరుగుతుంది, గచ్చు కూడా అరుగుతుంది.

ఆరు మిల్లీమీటర్లో అంతకన్నా మందమో ఉన్న అద్దం ముక్క మీద 120 నంబరు వాటర్ పేపరు తడిపి పరవండి. రాయి మీద పెన్సిల్‌తో రెండేసి సెంటీమీటర్ల గళ్లు గీసి రుద్దండి. గీతలు అంచుల్లో ముందు చెరిగి మధ్యలో మిగులుతాయి. ఆ మిగిలిన చోటే గుంట. మొత్తం చెరిగేదాకా ఆపొద్దు. నూనె పీల్చిన పాత రాయైతే కాగితం జిడ్డెక్కి త్వరగా మూసుకుపోతుంది, మూడు నాలుగు షీట్లు దగ్గర పెట్టుకోండి.

తర్వాత నూరేటప్పుడు వాలు (అంచు దగ్గరి ఏటవాలు ముఖం) మీద పది పదిహేను తోపులు వేసి, బొటనవేలిని వీపు మీంచి అంచు బయటికి మెల్లగా లాగి చూడండి (అంచు వెంబడి కాదు, తెగుతుంది). సన్నటి గరుకు తగలాలి. మధ్యలోనే తగిలి మూలల్లో తగలకపోతే నూరుడు ఇంకా పూర్తి కాలేదన్నమాట. రెండు మూలలకూ వచ్చాకే బ్లేడు తిప్పి, వీపు పూర్తిగా రాయికి ఆనించి మూడు నాలుగు తోపులు. ఈ గరుకు రాకముందే తోలు మీదికి వెళ్లిపోవడమే చాలామంది చేసే పొరపాటు. వాలు లెక్క కూడా కళ్లతోనే చూడొచ్చు: 4 మి.మీ. మందం బ్లేడుకి వాలు పొడవు 8 మి.మీ. ఉంటే 30 డిగ్రీలు, తొమ్మిదిన్నర ఉంటే 25.

మళ్లీ గుంట పడకుండా ఉలిని రాయి మధ్యలోనే తోయకండి. మూలలూ అంచులూ వాడండి. రాయిని మధ్యమధ్య తిప్పి పెట్టుకోండి.

ప్రశ్న: కొబ్బరినూనె మా ఇంట్లోనే ఉంటుంది కాబట్టి రాయికి అదే వాడుతున్నాం. చలికాలంలో ఉలి జారిపోతోంది, తెగడం లేదు. ఎందుకని?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ధనుర్మాసం పొద్దుట సీసాలో పేరుకున్నట్టే రాయి రంధ్రాల్లోనూ ఉక్కు పొడితో కలిసి పేరుకుంటుంది. రాయిని ఎండలో పెట్టి, కరిగి పైకొచ్చిన నూనె తుడిచి, పాత టూత్‌బ్రష్‌తో కిరోసిన్ పెట్టి రుద్దండి. కిరోసిన్ దొరకకపోతే వేన్నీళ్లు, అంట్లు తోమే సబ్బు. ఇక మీదట కుట్టుమిషను నూనె వాడండి. నువ్వుల నూనె మాత్రం వద్దు, ఆరి జిగురవుతుంది.

వాటర్ స్టోను వాడేవాళ్లకీ ఓ మాట. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పు బోరునీళ్లతో నూరితే సాయంత్రానికి ఉలి తుప్పు పూస్తుంది. కొత్తనీరు పారే రోజుల్లో కాలవ నీళ్లయితే తేర్చుకుని వాడండి. నున్నటి రాయి మీద ఒక్క ఇసక రేణువు చాలు, అంచంతా గీతలే.

ప్రశ్న: గ్రైండరు మీద పెడితే ఉలి కొస నీలంగా మారింది. పనికొస్తుందా?
– ఒక పాఠకుడు, తాళ్లరేవు

జవాబు: మామూలు కార్బన్ ఉక్కైతే ఆ నీలమున్న మేర గట్టిదనం పోయింది. ఎంత నూరినా అంచు నిలవదు. అంతవరకూ నిదానంగా, రెండు మూడు సెకన్లకోసారి నీళ్లలో ముంచుతూ అరగదీసేయండి. కొలిమిలో మళ్లీ కాల్చే ప్రయత్నం ఇంట్లో చేయొద్దు.